ష్ అత్త సినిమాలు

మా మేనత్త లైబ్రరీలో రీడింగ్ రూము చూసుకునేది. తలుపు పక్కన ఎత్తు స్టూలు, చేతిలో దుమ్ము తుడిచే గుడ్డ, నోట్లో "ష్". ఎవరు గుసగుసలాడినా "ష్" అనాలి. అనీ అనీ అదే ఆవిడ పేరైపోయింది. అసలు పేరు పెట్టి పిలిచేది మా నాన్న ఒక్కడే, అదీ కోపం వచ్చినప్పుడు.

అలాంటి మనిషికి ఏ సినిమాలు ఇష్టమో తెలుసా? ఇనుప రాక్షసులు ఆకాశంలోంచి దిగి మేడల్ని పిండి చేసేవి. కథ అడక్కండి, ఉండదు. హీరో వెనక్కి తిరక్కుండా నడుస్తుంటాడు, వెనక ఊరు పేలిపోతుంటుంది. ఆదివారం మధ్యాహ్నం "కళ్లద్దాలు సరిచేయించుకొస్తా" అని బయల్దేరేది. ఏ కళ్లద్దాలైనా వారం వారం వంకర పోతాయా? సాహిత్యం బోధించే మా నాన్నకి సంగతి తెలుసు. పరువు కోసం నమ్మినట్టు నటించేవాడు. నాకైతే ఒళ్లు మండేది. ఆవిడేమన్నా దొంగతనం చేస్తోందా?

ఇంతలో లైబ్రరీలో ఫిల్మ్ క్లబ్ పెట్టారు. దాన్ని చూసుకునే పని అత్తకే ఇద్దామనుకున్నారు. ఆ స్టూలు దిగాలని ఆవిడ ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తోంది.

"నీ గ్రహాంతరవాసుల గోల మాత్రం అక్కడ ఎత్తకమ్మా," అని నాన్న బతిమాలాడు.

మొదటి రోజు నాన్నా నేనూ కూడా వెళ్లాం. ఉత్తమ చిత్రం వేశారు. కిటికీ మీద వాన పడుతుంది, ముసలాయన చూస్తాడు. మళ్లీ వాన. మళ్లీ ముసలాయన. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గురక మొదలైంది. ముందు వరసలోంచి ఎవరో తిరిగి "ష్" అన్నారు. అన్నది మా అత్తని.

లైట్లు వేశాక క్లబ్ అధ్యక్షుడు నవ్వాడు. "అలసిపోయినట్టున్నారు. సినిమా మాత్రం నచ్చింది కదా?" అన్నాడు. అవునంటే చాలు, ఆ పని ఒళ్లో పడేది.

"లేదండీ. బోరు కొట్టి నిద్రపోయాను," అంది అత్త. "రోజంతా జనం నోళ్లు మూయించే పని నాది. వారానికోసారైనా నా చెవులు గింగురుమనాలి. నాకు భూగోళం బద్దలయ్యే సినిమాలే ఇష్టం. అవి వేస్తామంటే క్లబ్ చూసుకుంటా."

నాన్న మొహం మాడిపోయింది. "పదిమందిలో ఏంటా మాటలు? నేను తలెక్కడ పెట్టుకో..."

"ష్," అంది అత్త.

ఆ పని వేరేవాళ్లకిచ్చారు. అత్త మళ్లీ స్టూలెక్కింది. బాధపడలేదంటే అబద్ధం. ఆదివారం ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే నాన్న పేపర్లోంచి తలెత్తకుండా, "కళ్లద్దాలకేనా?" అన్నాడు.

"కాదన్నయ్యా, సినిమాకి. ఈసారి చంద్రుణ్ణి కూడా పేల్చేస్తారట," అంది అత్త, వీధిలోవాళ్లకి కూడా వినిపించేలా.