గోడ చూడ్డానికొచ్చే మామయ్య

మామయ్య ఎవరింటికి వెళ్ళినా మనుషుల్ని పలకరించడు, గోడల్ని పలకరిస్తాడు. కొత్తిల్లు చూపిస్తామని చుట్టాలు పిలిస్తే నేరుగా స్నానాలగదిలో దూరి, "మూల చెమ్మకు పట్టిన నల్లబూజు బ్రహ్మాండంగా ఉంది, కాస్త గీక్కోనా?" అని అడిగాడు. ఆ చుట్టాలు మళ్ళీ పిలవలేదు.

ఆయన ఉద్యోగమే అది. ప్రయోగశాలలో బూజును పెంచి, నూరి, అందులోని ప్రొటీన్లను విడదీస్తాడు. వాటి మీద ఎలర్జీ ఉన్నవాళ్ళ రక్తంలోంచి తీసిన సీరం పోస్తాడు. సీరం ఏ ప్రొటీన్‌ను పట్టుకుంటే అదే తుమ్ములు తెప్పించే దొంగ. ఆ దొంగల సహవాసంలో పడి పెళ్ళి మాటే మరిచిపోయాడు.

తల్లి పోయాక మేనకోడలు ఒంటిగదిలో ఒక్కతే ఉంటోంది. పుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దడం ఆమె పని. ఇంట్లోనే కూర్చుని చేసేది గనక వారమంతా నోరు విప్పే అవసరం రాదు. గొంతు ఉందో లేదో చూసుకోవడానికి ఒక్కోసారి తప్పుల్ని పైకి చదువుకునేది. ఆదివారం మాత్రం మామయ్య వచ్చేవాడు.

"కిటికీ పక్క బూజు తుడవలేదు కదా, అమ్మాయ్?"

"లేదు మామయ్యా."

"తుడవకు. అరుదైన రకం."

గీకడం అయ్యాక కూడా గోడకెదురుగా కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చునేవాడు. టీ ఇస్తే గోడవైపు తిరిగే తాగేవాడు. తనకన్నా బూజే దగ్గరి చుట్టమని ఆమె మనసు చివుక్కుమనేది.

ఆ చలికాలం ఆమెకు తుమ్ములు పట్టుకున్నాయి, ఆపైన ఆయాసం. మామయ్య కంగారుగా డాక్టరుకు చూపించి, కాస్త రక్తం తన ప్రయోగశాలకూ పట్టుకెళ్ళాడు. ఫలితం కనుక్కుందామని ఆమె వెళితే ఆయన లేడు. పక్క బల్ల దగ్గరి ఉద్యోగిని చెప్పింది.

"మీ గోడ బూజులోని ప్రొటీనేనమ్మా. మీ సీరం ఇట్టే పట్టేసింది."

"అరుదైన రకమటగా?"

ఆవిడ నవ్వింది. "అది లేని ఇల్లుంటే చెప్పండి. ఇక్కడ మా ఫ్రిజ్ నిండా ఆ నమూనాలే."

"మరి ఆదివారం ఆదివారం దేనికొస్తాడు?"

"ఏమో. శుక్రవారం నుంచే హడావుడి పడుతుంటారు."

ఆమె ఇల్లు చేరేసరికి, ఇంటివాళ్ళ దగ్గర తాళం తీసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని మామయ్య గోడ తోముతున్నాడు. చెమ్మకు కారణమైన గొట్టం అప్పటికే బాగుచేయించాడు. "లోపలికి రాకు," అని ఆమెను గుమ్మంలోనే ఆపేశాడు.

తరువాతి ఆదివారం ఆయన రాలేదు. గది బావురుమంది. ఆమె ఫోన్ చేసింది.

"గోడ శుభ్రంగా ఉంది మామయ్యా."

"మంచిది. ఇంక నాకక్కడ పనేముంది?"

"పూర్తిగా పోయిందో లేదో నువ్వే కదా తేల్చాలి."

అవతల చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు.

"ఒక్కసారి చూస్తే తేలేది కాదమ్మాయ్," అన్నాడు. "వారం వారం చూస్తుండాలి."