సంతలు లేని దారి

బహదూర్‌పురాలో జూ గోడకు ఆనుకున్న సందులో తెల్లవారడం నెమ్మదిగా జరుగుతుంది. అజాన్ ముగిసిన కాసేపటికి చెట్ల వెనక ఎక్కడో సింహం గొంతు సవరించుకుంటుంది. తరువాత నెమళ్లు, ఆ తరువాత పాల ప్యాకెట్ల ఆటో. సామ్యూల్ మెకానిక్ షెడ్డు ముందు నిలిపిన పాత స్కూలు వ్యాను మీద మంచు పట్టి, దాని పసుపు రంగు పాలలో కలిపినట్టు మెత్తబడింది.

ఆ వ్యానే మూడేళ్లుగా వరమ్మకూ వైకుంఠానికీ చక్రాలున్న ఇల్లు. నెల రోజులుగా మాత్రం వరమ్మ దాని మెట్టు మీద కాలు పెట్టలేదు. ఈ పొద్దున ఆమె వస్తే బండి కదులుతుంది, రాకపోతే అమ్మేస్తానని వైకుంఠం నిన్ననే చెప్పాడు.

ఆమె వచ్చింది, చేతిలో ఖాళీ సంచితో.

"వదినా, బండెక్కనీకి వచ్చినవా, సామాన్లు తీస్కపోనీకి వచ్చినవా?" అన్నాడు సామ్యూల్, వేపపుల్ల నములుతూ.

"చీరలు తీస్కపోనీకి."

"మా వైకుంఠం సేటు మొహం జూసినవా? నా షెడ్డుల పాత ఆయిలే నయమున్నది."

వరమ్మ నవ్వాపుకుని వ్యాను తలుపు లాగింది.

బేగంబజార్‌లో వాళ్లది గిన్నెల దుకాణం. దాని మీది గదిలోనే వరమ్మ కాపురం ముప్పై ఏళ్లు నడిచింది. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ, కింద తోపుడు బండ్లు, హమాలీల కేకలు. స్టీలు మీద స్టీలు పడే చప్పుడుతో ఆమె పగళ్లు నిండేవి. ఎప్పుడో శ్రీశైలం బస్సులో పోతూ, "ఈ అడివిల ఒక్క దినం ఆగితె ఎట్లుంటదో" అందామె. బస్సు ఆగలేదు. ఆ మాట మాత్రం వైకుంఠం లోపల ఎక్కడో ఆగిపోయింది. దుకాణం తమ్ముడి చేతికి అప్పజెప్పిన ఏడు, వైకుంఠం ఈ వ్యాను కొనుక్కొచ్చాడు. సామ్యూల్ సీట్లు పీకేసి మంచం బిగించాడు, గ్యాసు పొయ్యికి గట్టు కట్టాడు, పైన నీళ్ల ట్యాంకు పెట్టాడు.

మొదటి ఏడాది వరమ్మకు కొత్త కళ్లు వచ్చినట్టుంది. సోమశిల దగ్గర కృష్ణ మీద ఎండ పాకుతూ వచ్చి ఆమె కాళ్ల దాకా చేరింది. పాకాల చెరువు ఒడ్డున వాన కురిస్తే, రేకు మీద ఆ చినుకుల కిందే ఇద్దరూ రోజంతా పడుకున్నారు. కష్టాలూ తక్కువేమీ కాదు. ట్యాంకు కారి పరుపు తడిసింది. స్నానానికి పెట్రోలు బంకుల వాళ్లను బతిమాలుకోవాలి. నల్లరేగడిలో చక్రం దిగబడి ట్రాక్టరు వచ్చేదాకా ఎండలో కూర్చున్నారు. కోతులు చక్కెర డబ్బా ఎత్తుకుపోయి చెట్టెక్కి మూత తీయలేక తిట్టుకున్నాయి. అవన్నీ ఆమెకు ఇష్టంగానే గుర్తున్నాయి.

రెండో ఏడు వైకుంఠం ఒక గ్లాసుల కట్ట ఎక్కించాడు. "ఊర్కనే కూసునుడెందుకు?" అన్నాడు. తరువాతి ప్రయాణానికి పళ్లాలు వచ్చాయి, ఆ తరువాత వంట గంజులు, జల్లెడలు. పెట్టెలు మంచం కిందికి చేరాయి. చివరికి మంచమే పెట్టెల మీదికి చేరింది. పడుకోవాలంటే ఆమె అటక ఎక్కినట్టు ఎక్కాలి. ఏ రోజు ఏ ఊళ్లో సంత ఉంటే బండి ఆ ఊరికి పోయేది. పాకాల పక్క నుంచే పోతూ కూడా ఆగలేదు, నర్సంపేటలో సంత ఉందని. గుంత వచ్చినప్పుడల్లా దుకాణం మొత్తం ఆమె తల కింద మోగేది.

నెల కిందట, మన్ననూరు దగ్గర, నల్లమల మొదట్లో ఆగారు. వరమ్మ తన గంజులో బియ్యం నానబోసి స్నానానికి పోయింది. అప్పుడే ఒకామె వచ్చి గంజు అడిగింది, సరిగ్గా ఆ గంజంత సైజుది. పెట్టెల్లో ఆ సైజు లేదు. ఆ పొద్దుటికి ఆమెదే మొదటి బేరం. బోణీ బేరాన్ని వట్టి చేతులతో పంపడం వైకుంఠం తాత కాలం నుంచి ఆ ఇంట్లో లేదు. ఆయన నానిన బియ్యాన్ని బకెట్లో పోశాడు, గంజు కడిగి తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

తడి జుట్టుతో తిరిగొచ్చిన వరమ్మ బకెట్లోకి చూసింది, మొగుణ్ణి చూసింది. పొయ్యి గట్టు మధ్య కుదురుగా కూర్చునే గంజు అదొక్కటే.

"బోణీ గదా," అన్నాడు.

"నన్ను గూడ ఎవరన్న అడిగితె ఇచ్చేస్తుంటివి," అని ఆమె రోడ్డెక్కి, ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సులో హైదరాబాదుకు, దుకాణం మీది ఆ పాత గదికే వచ్చేసింది.

ఇప్పుడు చీరలు పెట్టెల అడుగున ఉన్నాయి. ఆమె ఒక పెట్టె లాగుతుంటే వైకుంఠం ఫ్లాస్కుతో చాయ్ పట్టుకుని వచ్చాడు. పెట్టె దించడానికి సాయం పట్టలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

"దుకాణం మీద ముప్పై ఏండ్లు పండుకున్న," అంది వరమ్మ. "ఇప్పుడు దుకాణంల పండుకుంటున్న. ఏం ఫరక్ జెప్పు?"

ఆయన ఫ్లాస్కులోంచి కప్పులోకి చాయ్ వంచుకున్నాడు. దాన్నే చూస్తూ మెల్లగా అన్నాడు.

"నువ్వు గుట్టను జూస్తవ్, నీళ్లను జూస్తవ్, నీకు పొద్దు పోతది. నాకు గట్ల జూసుడు రాదే. ఎవరన్న వచ్చి 'సేట్, గిదెంత' అంటెనే నేను ఉన్ననని అనిపిస్తది. లేకుంటె ఆ అడివిల నన్ను ఎవరో మర్సిపోయి పోయినట్టుంటది."

ఇన్నేళ్లలో ఆయన ఈ మాట అనలేదు. వరమ్మ పెట్టె వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది. ఆయన చాయ్ కప్పు తీసుకుని ఒక గుక్క తాగి తిరిగి ఇచ్చింది.

"రాకపోతె నేర్చుకో. నీ ఇంటికొచ్చినప్పుడు నాకేం వచ్చు? గిన్నెల చప్పుడుకు నిద్ర పోవుడు నేర్చుకోలేదా?"

"నేర్పిస్తవా?"

"సామాను దుకాణంల దించు, నేర్పిస్త. లేకుంటె బండి అమ్ము. నేనేమనుకోను."

వైకుంఠం మిగిలిన చాయ్ తాగి, లేచి ఇంజను స్టార్ట్ చేశాడు. వరమ్మ సంచి మడిచి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది, బేగంబజార్ దాకా మాత్రమే అన్నట్టు.

దుకాణం ముందు హమాలీ భిక్షపతి పెట్టెలు దించుతూ అడిగాడు. "ఏం సేట్, సామానంత వాపస్ వచ్చింది? సంతల ఎవ్వరికి నచ్చలేదా?"

"సంతల మస్తు నచ్చింది. ఇంట్లనే నచ్చలే."

భిక్షపతి నవ్వుతూనే డ్రైవరు సీటు కిందికి వంగాడు. "గీడ ఒక గ్లాసుల కట్ట దాసుకున్నది."

వరమ్మ అటు తిరిగి, ఎదురింటి గోడను శ్రద్ధగా చూసింది. వైకుంఠం చెవులు ఎర్రబడ్డాయి. కట్టను తానే లాగి, తానే మోసుకుపోయి లోపల పెట్టి వచ్చాడు. ఆమె దిగలేదు.

పురానాపూల్ దాటుతుంటే మూసీ మీద లేత ఎండ ఉంది. గుంతలు వచ్చాయి గానీ వెనక ఏమీ మోగలేదు. ఇంజనుకు సొంత గొంతొకటి ఉందని వరమ్మకు ఇప్పుడే వినిపించింది. వైకుంఠం చేతులు మాత్రం స్టీరింగు మీద ఊరికే వేళ్లు మారుస్తున్నాయి.

ఆరాంఘర్ సిగ్నల్ దగ్గర బండి ఆగింది.

"ఇయ్యాల బుధవారం. బుధవారం సంత..." అని మొదలుపెట్టి ఆయన నోరు మూసుకున్నాడు. కాసేపటికి ఆమె వైపు తిరిగాడు. "ఎటు పోవాలె?"

ఆ మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. జవాబు తన దగ్గర ఎప్పటినుంచో సిద్ధంగా ఉందనుకుంది. వెతికితే లేదు. నేరుగా ఒక దారి, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. మూడింటి మీదా ఒకే ఎండ.

పచ్చ లైటు పడింది. వెనక హారన్లు. ఒక ఆటో పక్కకొచ్చి, డ్రైవరు తల బయటపెట్టాడు. "ఓ చాచా, ఇదరీచ్ ఘర్ బసాలియే క్యా?"

ఇక్కడే కాపురం పెట్టావా అని అడుగుతున్నాడు. వరమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే చెయ్యి ముందుకు చూపింది.

"నేరుగ పో."

"నేరుగ ఏమున్నది?"

"నాకేం తెలుసు? నడువు."

వైకుంఠం గేరు వేశాడు.