సర్పగంధి ఉన్న చోట పుట్టగొడుగులు

ఈ వానాకాలం ఎలాగైనా సర్పగంధి పువ్వు చూడాలనిపించింది. పన్నెండేళ్ల క్రితం యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చదివేటప్పుడు డిపార్టుమెంటు వెనక తోటలో ఒకే ఒక్క పొద ఉండేది. మోకాలెత్తు, ఎర్రటి కాడల మీద తెల్లటి పూల గుత్తులు. వేరు మందుకు పనికొస్తుందని అడవుల్లో తవ్వి తవ్వి దాన్ని అంతరించే దాకా తెచ్చారని పాఠంలో చదివాను. చదివి కూడా, రికార్డు మార్కుల కోసం ఆ ఉన్న ఒక్కదాన్నీ పీకింది నేనే. చిన్న మొక్కయితే వేరుతో సహా ఎండబెట్టి అట్టకు అంటించాలని మా రూలు. దాన్ని పెంచిన మాలి యాదయ్యకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు.

శనివారం ఏడున్నరకు మెట్రోలో వచ్చి తార్నాకలో దిగి, బండి దగ్గర ఇడ్లీ తిని, యూనివర్సిటీ తోటకు అరవై రూపాయలకు ఆటో మాట్లాడుకున్నాను. "గా తోట దిక్కు ఏమున్నది మేడం? అందరు లైబ్రరీకే పోతరు" అన్నాడు డ్రైవరు. "ఒక పువ్వుంది" అన్నాను. మళ్లీ మొలిచి ఉందో లేదో నాకే తెలియదు.

యాదయ్య ఇంకా అక్కడే ఉన్నాడు, జుట్టు నెరిసింది. పొద ఉన్న చోట పాత మామిడి దుంగ పడి ఉంది. దాని నిండా చిన్న విసనకర్రల్లాంటి తెల్లటి పుట్టగొడుగులు, ఊళ్లో ఏ ఎండుకొమ్మ మీదైనా కనిపించేవే.

"గివి సావయి బిడ్డా. ఎండకాలమంత ముడుసుకొని వడుంటయి. రెండు సినుకులు వడితే మల్ల లేస్తయి" అన్నాడు. సర్పగంధి తరఫున పుట్టగొడుగు మీద నాకు అసూయ కలిగింది.

"అన్నా, ఇక్కడి సర్పగంధిని తీసింది నేనే. వేరుతో సహా."

"ఏరన్న మిగిలుంటదనుకున్న. మల్ల వానలొచ్చెదాంక రోజు నీళ్లు వోసిన" అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

పదింటికి డిపార్టుమెంటు తెరిచాక అడిగితే నా అట్ట చూపించారు. పూలు గోధుమరంగుకు తిరిగాయి, వేరు మాత్రం చెక్కుచెదరలేదు. కింద ముత్యాల్లాంటి నా చేతిరాత: 'లభ్యత: చాలా అరుదు.'

ఆ తెల్లపూలను మట్టిలో, గాలికి ఊగుతుండగా చూడాలని ఇప్పటికీ ఉంది. రెండు చినుకులకే తిరిగొచ్చేవి లోకంలో కొన్నే అని ఆలస్యంగా తెలిసింది. మీరు వెళ్తే వానాకాలంలో, ఎండెక్కక ముందే వెళ్లండి. నచ్చిన మొక్కకు ఫొటో తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు సీసాలో మిగిలిన నీళ్లు దాని మొదట్లో పోసి రండి.