మామగారు విన్న తేడా

మామగారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను తొండియార్‌పేటలో మా నాన్న దగ్గర ఉన్నాను. నాన్న రిసీవరు పెట్టేసి, "కడదాకా నా ముందర తలెత్తి కూర్చోలేదే ఆయన" అన్నారు. ఆ మాట వెనక ఉన్నది మద్రాసు పేరు చెన్నైగా మారిన ఏడాది సంగతి.

మామగారిది జార్జి టౌన్‌లో కాగితాల టోకు వ్యాపారం. ఆదివారం సాయంత్రాలు స్నేహితులను మేడ మీద కూర్చోబెట్టి కచేరీల రికార్డులు వినిపించేవారు. పాట నడుస్తుంటే కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు కూడా వినపడకూడదు. ఆ ఏడాది ఆయన హెచ్‌డీసీడీ అనే కొత్త రకం సీడీ ప్లేయరు తెప్పించారు. ఆ రకం డిస్కులో మామూలు ప్లేయరుకు అందని సంకేతం ఒకటి దాగి ఉంటుందట. కొత్త ప్లేయరు దాన్ని విప్పి వినిపిస్తుంది. పాతది విప్పకుండానే వాయించేస్తుంది.

తేడా చూపిద్దామని ఒకే వయొలిన్ కచేరీ డిస్కులు రెండు తెచ్చి, రెండు ప్లేయర్లలోనూ పెట్టి, స్విచ్చి అటూ ఇటూ తిప్పారు. "ఇదీ కొత్తది. ఎంత నిండుగా ఉండాది చూడండి!" అందరూ తలలూపారు. ఊరి చివర మణలిలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసే మా నాన్న మాత్రం, "నాకెందుకో పాతదే బాగుంది బావగారూ. సౌండు కొంచెం తక్కువే, కానీ కమాను తీగ మీద ఆనేది కూడా తెలస్తా ఉంది" అన్నారు.

మామగారు పకపకా నవ్వారు. "మణలి మిషన్ల మోతలో మీ చెవులు ఎప్పుడో పోయినాయి! మీకు వయొలిన్ ఎందుకు, సైరన్ వేస్తే చాలదా?"

గది గదంతా నవ్వింది. కాఫీ ట్రేతో గుమ్మంలో ఉన్న నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాన్న నవ్వినట్టే ముఖం పెట్టి, పాట అయ్యాక వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున మామగారు కొత్త ప్లేయరులో డిస్కు వేసి, స్విచ్చి దాని వైపే పెడితే పాట రాలేదు. స్విచ్చి పాతదాని వైపు తిప్పారు. వచ్చింది. అందరూ రాకముందు దుమ్ము తుడిచినప్పుడు రెండు ప్లేయర్ల వైర్లు తారుమారు చేసింది ఆయనే. నిండుగా ఉందని ఆయన మెచ్చుకున్నది పాత ప్లేయరును. నాన్నకు నచ్చిందే కొత్తది. కిందికి వచ్చి, కూరగాయలు తరుగుతున్న నన్ను చూసేసరికి మామగారి ముఖం కందిపోయింది.

"వైర్లు మార్చేసి గమ్మునుందామని ఒక నిమిషం అనుకున్న్యా అమ్మా," అన్నారు. "థూ, ఏం మనిషిని!"

ఆ పూటే తొండియార్‌పేట వెళ్ళారు. వెంట నేనూ ఉన్నాను. నాన్న "పోనీండి బావగారూ, వైరు తప్పేగా" అన్నారు.

"వైరుది కాదు, నోటిది తప్పు. ఈడ చెప్తే చాలదు. ఆడ, వాళ్ళందరి ముందరా అన్న్యా. వాళ్ళ ముందరే చెప్తా. మీరు రావాల."

చెప్పారు కూడా. ఆపై ఆదివారం గది మధ్యలో నిలబడి, దేన్నీ తగ్గించకుండా చెప్పారు. ఎవరో తేలిగ్గా నవ్వబోయి ఆగిపోయారు. తన కుర్చీలో నాన్నను కూర్చోబెట్టి, తాను గోడ పక్కన చాప మీద కూర్చున్నారు.

సిగ్గు ఆయనను వదలలేదు. ఆ తరువాత ఏ రికార్డు గురించీ తీర్పు చెప్పలేదు. "మీకెట్ల వినపడింది?" అని అడిగి, చెప్పేది పూర్తిగా వినేవారు. ఇంట్లో నన్నూ అలాగే అడిగేవారు, పప్పులో ఉప్పు గురించైనా సరే. అత్తవారింట్లో నా మాటకు ఒక చోటు దొరికింది ఆ సిగ్గు వల్లనే.

అందరి ముందూ తప్పు ఒప్పుకున్న ఆ ఆదివారం, నాన్నను బస్సెక్కించడానికి మామగారు రోడ్డు దాకా వచ్చారు. సందులో తోపుడు బండ్లు అడ్డం వస్తుంటే ముందు నడిచి, చెయ్యెత్తి ఆపుతూ దారి చేశారు. నాన్న ఎక్కిన బస్సు మలుపు తిరిగిపోయింది. బండ్లవాళ్ళు కేకలు వేస్తున్నా మామగారు ఆ చెయ్యి దించకుండా నడిరోడ్డు మీద అలాగే నిలబడి ఉన్నారు.