అక్క కంప్యూటర్‌లో విభూతి

నేను ఎందరితోనో వాదించాను. జ్యోతిష్కులతో, గాలిలోంచి ఉంగరాలు తీసేవాళ్లతో, చివరికి రైల్లో ఎదురు సీట్లో కూర్చుని జాతకం విప్పిన ముసలాయనతో కూడా. ఎప్పుడూ ఓడిపోలేదని చెప్పను. ఓడిపోయానని ఒప్పుకోలేదని మాత్రం ఘంటాపథంగా చెప్పగలను. అలాంటి నన్ను కందిగింజంత తెల్లటి మరక ఒకటి చిత్తుగా ఓడించింది. ఓడించి ఊరుకోలేదు, మా అక్క దుకాణాన్ని మూతపెట్టించబోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. నేను కడగబోయి తొక్కినవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. రాజమండ్రి దానవాయిపేటలో అక్క తన ఇంటి ముందు గదిలో డీటీపీ సెంటర్ పెట్టింది. ఒక బల్ల, ఒక ప్రింటర్, బల్ల ఇరుకు కనుక ఏరి కొన్న ఒక చిన్న కంప్యూటర్. దానికి అక్క కుట్టిన పూల గుడ్డ ముసుగు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. అప్పట్లో కంప్యూటర్ ఉన్న గదికి అంత మడి ఉండేది. నేనూ చెప్పులు విడిచేవాణ్ణే, దుమ్ము పడకూడదనే శాస్త్రీయ కారణంతో.

బావగారికి ఆ దుకాణం మీద గురి లేదు. "ఈ పెళ్లిళ్ల సీజన్ దాకా చూద్దాం. ఆర్డర్లు రాకపోతే గది అద్దెకిచ్చేద్దాం" అన్నారు. కడియంలో నర్సరీ ఉన్న సూర్రావు గారి అమ్మాయి పెళ్లి శుభలేఖ ఆర్డరు అక్క తెచ్చి చూపించింది. రంగుల కార్డు. ప్రతి పేజీలోనూ గులాబీ ఫొటో.

"పువ్వులు మా తోటవే ఉండాలండి. పక్క తోటోడివి పెట్టారంటే మా ఇంటిది ఊరుకోదు, ఆయ్!" అని సూర్రావు గారు ముందే హెచ్చరించారు. శుక్రవారం సాయంత్రం వచ్చి చూసుకుంటానన్నారు.

కానీ అక్క కంప్యూటర్‌లో ఒక్క గులాబీ తెర మీద విచ్చుకోవడానికి, తోటలో మొగ్గ విచ్చుకోవడానికి పట్టినంత సేపు పట్టేది. మెకానిక్ విశ్వనాథం గారు చూసి, ప్రాసెసర్ మార్చి, ర్యామ్ పెంచితే సరిపోతుందన్నారు. ఆ రెండూ కొని అక్క చేతికిచ్చి, బిగించడానికి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక వస్తానన్నారు. విశ్వనాథం గారి నుదుటి మీద మూడు విభూతి రేఖలు గీత గీసినట్టు ఉండేవి. ఆయన అమర్చిన ప్రతి డబ్బాకీ బయట కుంకుమ బొట్టు ఉండేది.

నేను ట్యుటోరియల్ కాలేజీలో పగలు ఇంగ్లీషు చెబుతూ, సాయంత్రాలు హేతువాద సంఘంలో నిప్పులు కక్కే రోజులవి. ఆ శుక్రవారం సెలవు. పదిన్నరకి అక్క ఇంటికి వెళ్లాను.

"పొద్దున్నే రావచ్చుగా ఆయన? పన్నెండు దాకా ఎందుకక్కా?"

"పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం కదరా. మిషను విప్పకూడదట. నువ్వు పెసరట్టు తిను."

"కంప్యూటర్‌కి రాహుకాలమా! అక్కా, ఈ పని నేను చేస్తాను. ఇప్పుడే. సరిగ్గా రాహుకాలంలోనే."

"నీకొచ్చా?"

"పుస్తకంలో చదివాను."

"ఈతా పుస్తకంలోనే చదివావు. కోటిలింగాల రేవులో ఏమైందిరా?"

ఆ విషయం ఇక్కడ అప్రస్తుతం. పెసరట్టు చల్లారుతుండగా నేను స్క్రూడ్రైవర్ పట్టాను. అక్క వారించింది, బతిమాలింది, చివరికి "నీ ఇష్టం, సాయంత్రం సూర్రావు గారికి సమాధానం నువ్వే చెప్పుకో" అని గుమ్మంలో నిలబడింది.

మూత విప్పాను. ర్యామ్ టకీమని కూర్చుంది. ఇక ప్రాసెసర్. దాని నెత్తిన చిన్న ఫ్యాను, ఫ్యాను కింద అల్యూమినియం దిమ్మ. దిమ్మను ఊడదీశాను. చూద్దును కదా, పాత ప్రాసెసర్ మీదా, దిమ్మ అడుగునా తెల్లటి పూత!

"అక్కా! ఇటు రా! విభూతి! లోపల కూడా విభూతి పూశాడు!"

అక్క వంగి చూసింది. "పోనీలేరా. శుభానికి పెట్టుంటారు."

"శుభానికా! సిలికాన్ మీద శైవమా! ద్రాక్షారామంలో భీమేశ్వరుడికి పూస్తే అది వాళ్ల నమ్మకం. ప్రాసెసర్‌కి ఏ గోత్రమని పూశాడు?"

పాఠకులారా, నేను సత్యం దాచను. విభూతి పొడిగా ఉంటుంది. ఇది వెన్నలా జారింది. ఆ తేడా నా వేలికి తెలిసింది. సభల్లో "ఆధారం చూపండి" అని బల్ల గుద్దే నేను ఆ ఆధారాన్ని వేళ్ల మధ్య నలుపుతూ ఏమన్నానో తెలుసా? "నేతిలో కలిపాడు, దొంగ!" నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నమాట. నాలుగోది నా చేతికి తగులుతున్నా సరే!

అక్క పాత జాకెట్టు గుడ్డ తీసుకుని దిమ్మ అడుగును అద్దంలా తుడిచాను. కొత్త ప్రాసెసర్ పెట్టి, దాని మీద దిమ్మ బిగించి, మీట నొక్కాను. వెలిగింది! గులాబీ రెప్పపాటులో తెర నిండా విచ్చుకుంది. అక్క రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది.

నేను లేచి నిలబడ్డాను. నిలబడకుండా నాకు ఉపన్యాసం రాదు.

"చూశావా? ఇది రాహుకాలం. రాహువు ఏం చేశాడు? ఏమీ చెయ్యలేదు. ఎందుకంటే లేనివాడు ఏమీ..."

తెర నల్లబడింది.

"చేశాడు" అంది అక్క.

మళ్లీ మీట నొక్కాను. వెలిగి, రెండు నిమిషాలకు ఆరింది. మళ్లీ నొక్కాను. నిమిషానికే ఆరింది. అక్క వచ్చి ప్లగ్గు పీకేసింది. "పన్నెండు దాకా ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు. నువ్వు అసలే ముట్టుకోవద్దు."

బహిష్కృతుణ్ణై అరుగు మీద కూర్చున్నాను. చేతిలో స్క్రూడ్రైవర్ లేకపోతే నాకు గుర్తొచ్చేది కలమే. యంత్రం ఎందుకు ఆగిందో ఆలోచించాల్సిన ఆ గంటలో మూడు పేజీల వ్యాసం రాశాను. "సైన్సు గుండెకు విభూతి పూత" అని శీర్షిక. విజ్ఞాన యంత్రాల కడుపులోకి కూడా మూఢత్వం ఎలా చొరబడిందో కళ్లారా చూశాననీ, చేతులారా తుడిచాననీ రాసి, మా సంఘం మాసపత్రిక చిరునామాతో వీధి చివర డబ్బాలో పడేసి వచ్చాను.

పన్నెండు దాటి అయిదు నిమిషాలకు అక్క ప్లగ్గు పెట్టి, వేళ్లు కళ్లకద్దుకుని మీట నొక్కింది. వెలిగింది!

"చూశావా? రాహుకాలం పోయింది, రోగం పోయింది."

గంటసేపు ఆపి ఉంచితే ఏ పొయ్యి అయినా చల్లారుతుంది, చల్లారింది కనుక వెలిగిందన్నది నాకు తట్టలేదు. నాకు తట్టింది ఒక్కటే: ఇది ఇలాగే నడిస్తే జన్మంతా అక్క ముందు తలెత్తలేను. అప్పుడు జీవితంలో మొదటిసారి, ఎవరినో తెలియకుండానే, ప్రార్థించాను. ఆగిపోవాలని. నాలుగు నిమిషాల్లో ఆగిపోయింది. ప్రార్థన ఫలించడం కన్నా హేతువాదికి అవమానం ఇంకేముంది?

గెలిచానన్న సంతోషం అక్క మొహం చూసేదాకానే. స్టూలు మీద కూర్చుని పూల ముసుగును ఒళ్లో మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మడత పెడుతోంది.

"సాయంత్రం సూర్రావు గారొస్తారురా. మీ బావకి ఏం చెప్పను?" అంది, నా వైపు చూడకుండా. తిట్టినా బాగుండేది.

అప్పుడు విశ్వనాథం గారు వచ్చారు. సంగతి విని, మూత విప్పి, దిమ్మ తీసి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇక్కడ తెల్లగా ఒకటుండాలి కదండీ. ఏదండీ?"

"తుడిచేశాను."

"ఎందుకండీ?"

"అదీ... విభూతి కదా."

ఆయన నవ్వలేదు. నవ్వితే దెబ్బలాడేవాణ్ణి. సంచిలోంచి చిన్న ట్యూబు తీశారు.

"ఇది హీట్ సింక్ పేస్టండి. కింద ప్రాసెసర్ వేడి పైన దిమ్మలోకి ఎక్కాలంటే మధ్యలో ఇది ఉండాలండి. లేకపోతే కాగిపోయి ఆగిపోద్ది." చెబుతూనే కందిగింజంత పూసి, దిమ్మ బిగించారు. తర్వాత తన నుదురు చూపించారు. "ఇది వేరండి. నాది తుడిస్తే నాకేమీ అవదు. దాన్ది తుడిస్తే అది పనిచెయ్యదు. ఇదేంటని ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి కదండీ."

నా జీవితంలో విన్న అత్యుత్తమ హేతువాద ప్రసంగం అది. అందులో ఒక్క ఆశ్చర్యార్థకం కూడా లేదు.

కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. అక్కకి మాత్రం నవ్వు ఆగలేదు. మౌసు పట్టుకుని నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, "నేతిలో కలిపాడట!" అంటూ గులాబీలు అమర్చింది. ఆ నవ్వు ఇవాళ తలుచుకున్నా ఆ ఇరుకు గది, వేడెక్కిన ప్రింటరు వాసన, చల్లారిపోయిన పెసరట్టు అన్నీ కళ్ల ముందుకొస్తాయి. సాయంత్రం సూర్రావు గారు తెర దగ్గరగా వంగి చూశారు. "మా తోటదేనండి! ఆకు మీద పురుగు కూడా మాదే!" అని మురిసిపోయారు. బావగారు ఆ తర్వాత గది అద్దె మాట ఎత్తలేదు.

కథ ఇక్కడ ముగిస్తే నా పరువు కొంతైనా దక్కేది. వ్యాసం సంగతి ఉంది కదా! వెనక్కి పంపమని సంపాదకుడికి ఉత్తరం రాద్దామని రోజూ అనుకున్నాను. ఎందుకు తిప్పి పంపాలో చెప్పాలి కనుక రోజూ మానేశాను. ఆధారం లేనిదే అక్షరం వెయ్యని మనిషి, ఆయనే చెత్తబుట్టలో పడేస్తాడని ధైర్యం చెప్పుకున్నాను. మొదటి పేజీలో వేశాడు.

మెచ్చుకోలు ఉత్తరాలు వచ్చాయి. ఎవరూ ఆధారం అడగలేదు! కోనసీమ నుంచి ఒక సైన్సు మాస్టారు ఇలా రాశారు: "మీ వ్యాసం చదివి మా బడిలోని నాలుగు కంప్యూటర్లూ విప్పించాం. మీరన్నది అక్షరాలా నిజం, నాలుగింటిలోనూ విభూతి ఉంది. పిల్లల చప్పట్ల మధ్య తుడిపించేశాం. అప్పటినుంచి అవి నడవడం లేదు. ఊళ్లో ఎవరో చేతబడి చేశారని పుకారు పుట్టింది. దయచేసి తమరు వెంటనే వచ్చి, చేతబడి లేదని మా ఊరి ప్రజలకు ఉపన్యాసం ఇవ్వగలరు."

వెళ్లాను. విశ్వనాథం గారి స్కూటరు వెనక, ఒళ్లో పేస్టు ట్యూబుతో. ఉపన్యాసం ఆయన చేత ఇప్పించాను.

కనుక నా అంతరాత్మ సాక్షిగా, అది ఉన్నట్టు ఇంకా రుజువు కాలేదు, అయినా సరే, ప్రతిజ్ఞ చేస్తున్నాను. రాహుకాలాన్ని చచ్చినా నమ్మను. కానీ ఇకమీదట ఏ మూఢనమ్మకాన్ని తుడిచేముందైనా, అది ఎదుటివాడిదో నాదో తేల్చుకుని మరీ గుడ్డ పడతాను.