ఎర్ర గీతల ఉడత

బొమ్మల కథలు వేసేవాళ్ళ పేర్లు ఎవరైనా గుర్తుపెట్టుకుంటే నాకు సంతోషమే. బొమ్మ కింద ఉన్న పేరు ఆ బొమ్మ వేసినవాడిదేనని మాత్రం నన్ను ఒట్టు వెయ్యమనొద్దు. నేను వెయ్యను.

మాది పామర్రు దగ్గర నేతవాళ్ళ ఊరు. మా నాన్న మగ్గం నేసేవాడు, అంచులకు డిజైన్లు కూడా గీసేవాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగు కింద లెక్క. ఏళ్ళ తరబడి అలా గీసీ గీసీ, గళ్ళు లేకపోతే ఆయన చెయ్యి కదిలేది కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో గళ్ళ కాగితం దొరక్క, తెల్ల కాగితం మీద గీతలు కొట్టే పని నా మీద పడింది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. పెన్సిలు గీతలు నాన్న కంటికి ఆనడం లేదని ఎర్ర సిరాతో కొట్టాను.

"ఇదే బాగుందమ్మాయ్, కంటికి హాయిగా ఉంది," అన్నాడు.

బెజవాడ నుంచి వచ్చే పిల్లల పత్రిక ఒకటి మా ఊళ్ళో చేతులు మారి మారి నలిగిపోయేది. అందులో బొమ్మల కథ చూసి నాన్నకు తనూ ఒకటి వెయ్యాలనిపించింది. తలపాగా చుట్టుకున్న ఉడత, ఎడమ చెవి చిరిగినది, పడవెక్కి కృష్ణ దాటుతుంది. నేను కొట్టిచ్చిన గళ్ళ మీదే, పేజీకి ఆరు బొమ్మలు. మూడో బొమ్మలో గాలి రావాలి. గాలిని ఎలా వేస్తాడా అని చూస్తుంటే, తలపాగా కొస ఒక్కటి పైకి లేపి ఊరుకున్నాడు. నాలుగోదాంట్లో ఉడతే లేదు. ఖాళీ పడవ, పక్కన నీళ్ళలో రెండు సుడులు. ఐదో బొమ్మ వేసేదాకా నాన్న పక్కనుంచి కదల్లేదు నేను. తర్వాత బొమ్మల కథలు చాలా చదివాను. అంత ధైర్యంగా బొమ్మను ఖాళీగా వదిలినవాళ్ళు నాకు ఎక్కువమంది కనపడలేదు.

ఇద్దరం బెజవాడ వెళ్ళి ఇచ్చొచ్చాం. సంపాదకుడు మెచ్చుకున్నాడు, కింద పేరు వేస్తానన్నాడు. నాన్న పేరు అచ్చులో! ఊరంతా చెప్పుకున్నాం. రెండు వారాల తర్వాత, రమ్మని కార్డు వచ్చింది. వెళ్తే, సరిచూడటానికి ముందుగా అచ్చు తీసిన ప్రూఫు చేతిలో పెట్టాడు.

"ఏవండీ, ఉడతని జల్లెడలో పెట్టారేంటండీ?"

పేజీ నిండా నల్లటి గళ్ళు. అచ్చు కోసం బొమ్మకు బ్లాకు తీసే కెమెరాకి ఎరుపు కూడా నలుపేనట. లేత నీలంతో గీసుంటే పడేవే కావట. మా ఇంట్లో ఎవరికీ అది తట్టలేదు. నేతవాళ్ళ కళ్ళు గళ్ళను దాటి బొమ్మనే చూస్తాయి, గళ్ళున్నాయన్న సంగతే గుర్తుండదు.

"మళ్ళీ వేసి తెస్తానండి," అన్నాడు నాన్న.

"టైం లేదండీ. మా ఆర్టిస్టు గళ్ళు లేకుండా మళ్ళీ గీసి సాపు చేస్తాడు లెండి."

సాపు చేశాడు. అదే ఉడత, అదే చెవి, అదే ఖాళీ పడవ. కింద పేరు మాత్రం ఆ ఆర్టిస్టుది. సొమ్మొకడిది, సోకొకడిది. నాన్న వెళ్ళి అడిగితే, "ఊహ మీదేననుకోండి, అచ్చులో పడ్డ గీత ఆయనది కదండీ," అన్నాడు సంపాదకుడు. మా కాగితాలు ఎక్కడున్నాయో తెలియదన్నాడు. ఆ తర్వాత కూడా నెలనెలా ఆ ఉడత ఆ పేరుతోనే వచ్చింది. ఆ సంపాదకుడి మీద నాకు ఇప్పటికీ కోపమే. నా ఎర్ర సిరా మీద అంతకంటే ఎక్కువ కోపం.

నాన్న మళ్ళీ కథ వెయ్యలేదు. ఒక్కసారి మాత్రం ఒక చీర కొంగు మీద ఆ ఉడతను నేశాడు, తలపాగా కొస ఎగురుతూ ఉన్నట్టు. బెజవాడలో మా బట్ట కొనే షావుకారు కొంగు విప్పి చూసి నవ్వాడు.

"ఇది పత్రికలో వచ్చే ఆర్టిస్టు గారి ఉడత కదయ్యా! మా పిల్లలకి ప్రాణం. ఒకళ్ళ బొమ్మ ఎత్తేసి నేస్తే ఎట్టాగయ్యా, తప్పు కాదూ?"

ఇప్పుడైనా చెబుతాడని నాన్న మొహంలోకి చూశాను.

"తప్పేనండి," అన్నాడు నాన్న. "చూసి వేశాను. ఇంకెప్పుడూ వెయ్యను."

షావుకారు చీర మడిచి లోపల పెట్టుకున్నాడు.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి," అన్నాడు, "అచ్చం ఆయన వేసినట్టే దింపావయ్యా."