మునిమాపుకు సరిపోయే బైనాక్యులర్లు

ఈ సాయంత్రం కారు దిగగానే తడి ఆకులు కుళ్లుతున్న వాసన ముక్కుకు తగిలింది. అమెరికాలోని ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో నవంబర్‌కి ఈ వాసన, దాని వెనకే నర్సింగరావు గారి జ్ఞాపకం వస్తాయి. కరీంనగర్ మనిషి, కార్ల కంపెనీలో రిటైరైన ఇంజనీరు, మా వీధి చివర ఉండేవారు. భార్య పోయాక ఏడాదంతా ఇల్లు కదలకుండా, జింకల వేట సీజన్లో మాత్రం తుపాకీతో బయటికి వచ్చేవారు. తెలుగువాళ్లలో వేటగాడేమిటని చాలామంది ఆయన్ను భోజనాలకు పిలవడం మానేశారు. నా విడాకులయ్యాక వాళ్లే నన్నూ పిలవడం ఎప్పుడో మానేశారు. అలా మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ఒక ఏడు ఆయన చూపు మసకబారింది. మునిమాపున చెట్టూ జంతువూ ఒకేలా కనబడుతున్నాయని, కొత్త బైనాక్యులర్లు కొందామని నన్ను వెంటబెట్టుకుని షాపుకు వెళ్లారు. చూపు కుదరకపోతే వేట ఆగిపోతుంది. వేట ఆగితే ఆ మనిషికి గడప దాటే పనే ఉండదు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తలేదు. షాపు లైట్ల కింద అన్నీ బ్రహ్మాండంగానే కనబడ్డాయి. అన్నిటికన్నా దగ్గరగా చూపించేదాన్ని పట్టుకుని, “ఇది తీసుకోండి అంకుల్” అన్నాను.

“లైట్ల కింద అన్నీ మంచిగనే ఉంటయి బిడ్డా. మస్తు పెద్దగ చూపెట్టేది పొద్దుగూకితే నల్లగైతది. బయట ట్రై చేద్దాం.”

కౌంటర్ దగ్గరున్నామెను ఒప్పించి, వెనక పార్కింగ్ లాట్‌లో పొద్దు వాలేదాకా నన్ను నిలబెట్టారు. నా పళ్లు టకటకలాడాయి. ఎదుటి పైన్ చెట్ల నీడలోకి ఒక్కొక్కదానితో చూశాం. మరీ దగ్గరగా చూపకపోయినా, ముందు అద్దాలు పెద్దవిగా ఉన్నదానిలో నాకు కొమ్మలు విడివిడిగా తెలిశాయి. ఆయనకు తెలియలేదు.

“ముసలి కన్ను పెద్దగ తెరుచుకోదు. అద్దం ఎంత వెలుగు తెచ్చినా లోపలికి పోయేది గింతే,” అని నవ్వారు. “నీ కండ్లకు పనిచేసేదే కొందాం. నువ్వు చూసి చెప్పు.”

వారం తిరక్కుండా మొక్కజొన్న కోసిన చేను అంచున కూర్చున్నాం. వెలుతురు సన్నగిల్లాక ఒక జింక బయటికొచ్చింది. ఆయన పర్మిట్ కొమ్ములున్న మగజింకకే.

“కొమ్ములున్నట్టున్నాయి అంకుల్.”

“ఉన్నట్టున్నయా, ఉన్నయా?”

ఉన్నాయనాలని నా ప్రాణం కొట్టుకుంది. అది దొరికితే వచ్చే ఏడూ వస్తారు. మళ్లీ చూశాను. చెవుల వెనక ఉన్నవి కొమ్ములో, ఎండుకొమ్మలో.

“తెలియడం లేదు.”

ఆయన మెల్లగా తుపాకీలోంచి గుండు తీసి జేబులో వేసుకున్నారు. “తెల్వనప్పుడు తెల్వదనుడే మంచిది. ఇగ చాలు బిడ్డా. పోదాం పా, చాయ్ తాగుదాం.”

ఆ తర్వాత ఆయన తుపాకీ ముట్టలేదు. రెండేళ్లకు పోయారు. ఆ సాయంత్రం కొమ్ములున్నాయని చెప్పి ఉంటే ఇంకో సీజన్ వచ్చేవారేమోనని నాకు దిగులు. కానీ తెలియకుండానే ఆ మాట అనగలిగే మనిషినైతే నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు కాదు.

అక్క ఫోన్ చేసినప్పుడల్లా “అక్కడ నీకంటూ మనుషులున్నారా?” అని అడుగుతుంది. మొదట్లో తడుముకోకుండా “బోలెడుమంది” అనేదాన్ని. ఆయన ఉన్నన్నాళ్లూ “ఒకరున్నారు” అన్నాను, అది నిజం. మొన్న అడిగితే “లేరక్కా” అన్నాను. “ఆ ఒకరెవరో చెప్పు” అంది అక్క. చెప్పడం అయ్యేదాకా ఫోన్ పెట్టేయలేదు.